వైరస్‌ల వెలుగులో రైబోసోమ్ ప్రోటీన్లు

(యెల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



 1895లో భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక వ్యాసం ప్రచురించారు. ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. వినడానికి చిన్న పని. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ వెలుగుచూశాయి. తరవాత లెడర్లే సంస్థలో పరిశోధన అంతా ఆయన నాయకత్వంలో సాగుతున్న కాలంలో, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడైంది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఏటీపీ, ఆరియోమైసిన్ రెండూ నా ఈనాటి అంశంలోకి నేరుగా వస్తాయి. కణం ప్రోటీన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లాన్ని చేర్చాలంటే కనీసం నాలుగు అధికశక్తి ఫాస్ఫేట్ బంధాలు ఖర్చవుతాయి. అందులో రెండు ఏటీపీ నుంచి, రెండు జీటీపీ నుంచి వస్తాయి. ఇక ఆరియోమైసిన్, బాక్టీరియాలో ప్రోటీన్లను తయారుచేసే రైబోసోమ్ చిన్న భాగాన్ని అంటిపెట్టుకుని, అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్ఎన్ఏను లోపలికి రానివ్వదు. ఆ మందు వాడుకలోకి వచ్చేనాటికి రైబోసోమ్ అన్న పేరే లేదు. ఆ కణికలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి జార్జ్ పలాడీ వర్ణించింది 1955లో.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రైబోసోమ్ ప్రోటీన్లను విడదీసి, లెక్కపెట్టి, ఒక్కొక్కదాని అమైనో ఆమ్లాల వరసను రాసిపెట్టిన పని చాలామందికి చాలాకాలం వట్టి జాబితాగానే కనిపించింది. ఆ ప్రోటీన్లకు కణం మీద ఎంత పట్టు ఉందో చూపించినవి వైరస్‌లు. వైరస్ ఎక్కడ చెయ్యి వేసిందో వెతుక్కుంటూ వెళ్లిన ప్రతిసారీ, కణం తన ప్రోటీన్ తయారీని ఎలా అదుపు చేసుకుంటుందో మనకు తెలిసింది. వెతకడానికి ఆ జాబితాయే ఆధారమైంది.

లెక్కపెట్టిన తరం

రైబోసోమ్‌కు రెండు భాగాలు. చిన్న భాగం, జన్యువు సందేశాన్ని మోసే ఎంఆర్ఎన్ఏలోని అక్షరాలను మూడేసి చొప్పున చదువుతుంది. పెద్ద భాగం అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి అతుకుతుంది. మన కణాల్లో చిన్న భాగంలో ఒక ఆర్ఎన్ఏ, 33 ప్రోటీన్లు ఉంటాయి. పెద్ద భాగంలో మూడు ఆర్ఎన్ఏలు, 47 ప్రోటీన్లు. అన్నీ కలిపి 80 ప్రోటీన్లు.

ఈ లెక్క తేలడానికి దశాబ్దాలు పట్టింది. 1968లో విస్కాన్సిన్‌లో పీటర్ ట్రాబ్, మసయాసు నొమురా ఇ.కోలై రైబోసోమ్ చిన్న భాగాన్ని పూర్తిగా విడగొట్టారు. విడిపోయిన ఆర్ఎన్ఏను, ప్రోటీన్లను పరీక్షనాళికలో మళ్లీ కలిపితే అవి తమంతట తామే కూడుకుని, పనిచేసే చిన్న భాగంగా నిలిచాయి. ఏ ప్రోటీన్ లేకపోతే ఏది చేరదో అప్పటినుంచీ పరీక్షించడం వీలైంది. 1970లో బెర్లిన్‌లో కాల్ట్‌ష్మిట్, విట్‌మన్ ఈ ప్రోటీన్లను జెల్ మీద రెండు దిశల్లో పరిగెత్తించి, ఒక్కొక్క చుక్కగా విడదీశారు. చిన్న భాగంలోవి ఎస్‌1, ఎస్‌2 అనీ, పెద్ద భాగంలోవి ఎల్‌1, ఎల్‌2 అనీ వరస అంకెలు పొందాయి. షికాగోలో ఐరా వూల్ బృందం ఎలుక రైబోసోమ్ ప్రోటీన్ల అమైనో ఆమ్లాల వరసలను ఒక్కొక్కటిగా తేలుస్తూ 1990ల నడుమదాకా శ్రమించింది.

2000లో రైబోసోమ్ అణు నిర్మాణం వెలువడింది. థామస్ స్టైట్జ్, అదా యోనాథ్, చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఈ కృషికి 2009 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆ నిర్మాణంలో ప్రోటీన్ల గురించి తేలిన విషయం అందరినీ ఆలోచింపజేసింది. అమైనో ఆమ్లాలు అతుక్కునే కేంద్రానికి దాదాపు 18 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోపు ఒక్క ప్రోటీన్ కూడా లేదు. ప్రోటీన్లను చాలావరకు తీసేసినా పెద్ద భాగం ఆ అతుకు వేయగలదని హ్యారీ నోలర్ 1992లోనే చూపించారు. అసలు పని చేసేది ఆర్ఎన్ఏ. ప్రోటీన్లు దానికి ఆసరాగా నిలబడ్డాయి, అంతే అన్న అభిప్రాయం స్థిరపడింది.

ఆసరా ఒక్కటే వాటి పని అయితే 80 ప్రోటీన్లను, వాటి జన్యువులను ఇన్ని కోట్ల ఏళ్లుగా కణం ఎందుకు మోస్తోంది? ఈ ప్రశ్నకు సమాధానాలు వైరస్‌ల అధ్యయనం నుంచి ఒక్కొక్కటిగా వచ్చాయి.

టోపీ, దాన్ని తీసేసిన పోలియో

ఇంతవరకు తెలిసిన ఏ వైరస్‌కూ పూర్తి రైబోసోమ్ లేదు. 2018లో వర్ణించిన టూపాన్ వైరస్ అనే మహాకాయ వైరస్ 70 దాకా టీఆర్ఎన్ఏలకు, 20 రకాల అమైనో ఆమ్లాలనూ వాటికి తగిలించే ఎంజైములకు సొంత జన్యువులు మోస్తుంది. దానికీ రైబోసోమ్ లేదు. బాక్టీరియాను పట్టే కొన్ని వైరస్‌ల జన్యుపటంలో ఎస్‌21, ఎల్‌12 వంటి రైబోసోమ్ ప్రోటీన్ల జన్యువులు ఉన్నాయని 2019లో బయటపడింది. విడి ప్రోటీన్లను తెచ్చుకున్నాయి గాని రైబోసోమ్‌ను తెచ్చుకోలేదు. అంటే జలుబు తెచ్చేదైనా, మిరపచేను మాడ్చేదైనా, ప్రతి వైరసూ ఇంకొకరి రైబోసోమ్ దగ్గరికి వచ్చి తీరాలి.

మన ఎంఆర్ఎన్ఏ మొదట్లో మిథైల్ గ్వానోసిన్ అనే చిన్న టోపీ ఉంటుంది. ఆ టోపీ సంగతి కూడా వైరస్‌లే చెప్పాయి. 1970ల నడుమ యసుహిరో ఫురుయిచి, ఆరన్ షాట్కిన్ రియో వైరస్ ఎంఆర్ఎన్ఏ మీద పనిచేస్తూ దాన్ని గుర్తించారు. టోపీని పట్టుకునే ప్రోటీన్‌ను 1978లో నహుమ్ సోనెన్‌బర్గ్ కనిపెట్టారు. దాని పేరు ఇఐఎఫ్-4ఇ. అది ఇఐఎఫ్-4జి అనే పెద్ద ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. 4జి ఇంకో ప్రోటీన్ సముదాయం ద్వారా రైబోసోమ్ చిన్న భాగాన్ని రప్పిస్తుంది. ఈ వరసలో ఒక్కటి తెగినా టోపీ ఉన్న ఎంఆర్ఎన్ఏ రైబోసోమ్‌కు చేరడం కష్టం.

పోలియో వైరస్ ఈ వరసనే పట్టుకుంది. 2ఎ అనే దాని ఎంజైము 4జిని రెండు ముక్కలు చేస్తుంది. టోపీని పట్టుకునే ముక్క ఒక వైపు, రైబోసోమ్‌ను రప్పించే ముక్క ఇంకో వైపు పడతాయి. వైరస్ చేరిన కొద్ది గంటల్లోనే కణం సొంత ప్రోటీన్ల తయారీ దాదాపు ఆగిపోతుంది. ఇతరుల పొలం గట్టు తెగ్గొట్టి, నీళ్లన్నీ తన చేనుకు మళ్లించుకున్నట్టు ఉంటుంది ఆ పని. పోలియో ఆర్ఎన్ఏకు టోపీయే లేదు. రైబోసోమ్‌ను మధ్యలోకి నేరుగా దించుకునే మడతపడిన ఆర్ఎన్ఏ నిర్మాణం దానికి ఉందని 1988లో పెల్లెటియర్, సోనెన్‌బర్గ్ చూపించారు. అదే ఏడాది ఎకార్డ్ విమ్మర్ బృందం ఎలుకలకు సోకే మరో వైరస్‌లో అలాంటిదే చూపించింది. దాన్నే ఐరిస్ అంటున్నాం. టోపీ దగ్గరే మొదలుపెట్టాలన్న నియమానికి మినహాయింపు ఉందని లోకానికి తెలిసింది అప్పుడే.

ప్రోటీన్లు ఒక్కొక్కటిగా మాట్లాడాయి

హెపటైటిస్-సి వైరస్ ఐరిస్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అది టోపీ ప్రోటీన్ల సాయం లేకుండా రైబోసోమ్ చిన్న భాగాన్ని తానే పట్టుకుంటుంది. కీచురాళ్లకు పక్షవాతం తెచ్చే వైరస్ ఇంకా దూరం పోయింది. దాని ఐరిస్‌కు ఒక్క ఆరంభక ప్రోటీన్ కూడా అవసరం లేదు. మిథియోనిన్‌తో మొదలవ్వాలన్న నియమాన్ని కూడా తప్పించి, అలనిన్‌తోనే గొలుసు మొదలుపెడుతుంది.

ఈ రెండు ఐరిస్‌లకూ ఎస్‌25 అనే రైబోసోమ్ ప్రోటీన్ కావాలని 2009లో సనీ థాంప్సన్ బృందం చూపించింది. ఎస్‌25 లేకపోయినా కణం సాధారణ ప్రోటీన్ తయారీ పెద్దగా దెబ్బతినలేదు. ఈస్ట్ కణాలు అది లేకుండానే బతికాయి. ఐరిస్ మాత్రం పనిచేయలేదు. జాబితాలో అంకెగా మిగిలిన ఒక ప్రోటీన్, కణానికి అంతంతమాత్రమే అవసరమై, వైరస్‌కు ప్రాణావసరమైంది. 2013లో ఇంకో ఉదాహరణ వచ్చింది. పశువుల నోట బొబ్బలు లేపే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్‌కు ఎల్‌40 తప్పనిసరి. ఆ వైరస్ ఎంఆర్ఎన్ఏకు టోపీ ఉంది, అది మన ఎంఆర్ఎన్ఏలాగే కనిపిస్తుంది. అయినా రైబోసోమ్ మీద దాని అవసరం వేరు.

మశూచి టీకాకు వాడిన వాక్సీనియా వైరస్ కథ నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురమనిపిస్తుంది. దాని ఎంఆర్ఎన్ఏలు ఎన్నింటికో ముందు వరసగా అడెనిన్ అక్షరాలే ఉంటాయి. ఇలాంటి ఎంఆర్ఎన్ఏను మన రైబోసోమ్ సరిగ్గా అందుకోదు. వాక్సీనియా తన ఎంజైముతో చిన్న భాగం మీది రాక్-1 ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుందని 2017లో డెరెక్ వాల్ష్ బృందం చూపించింది. ఆ ఫాస్ఫేట్‌తో రాక్-1లోని ఒక మడతకు ఋణావేశం వస్తుంది. మొక్కల రాక్-1లో ఆ చోట ఋణావేశం పుట్టుకతోనే ఉంది. జంతుకణంలోని రైబోసోమ్‌ను వైరస్ ఒక చిన్న రసాయన మార్పుతో మొక్కల రైబోసోమ్ పద్ధతికి మార్చుకుంటోంది. రైబోసోమ్ అన్ని వేళలా ఒకటే తీరుగా పనిచేసే యంత్రం అన్న భావన ఇక్కడ నిలవదు.

2020లో ఫలించిన జాబితా

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఆ జూలైకే మ్యూనిక్‌లో రోలండ్ బెక్‌మన్ బృందం వైరస్ ప్రోటీన్ ఎన్ఎస్‌పీ-1 మన రైబోసోమ్‌లో ఎక్కడ కూర్చుంటుందో అణువు అణువు గీసి చూపించింది. దాదాపు అదే కాలంలో జూరిక్‌లో నెనాడ్ బాన్ బృందం కూడా ఆ చిత్రాన్నే చేరుకుంది. 180 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీన్ కొస, చిన్న భాగంలో ఎంఆర్ఎన్ఏ లోపలికి వెళ్లే దారిలో దూరి, దాన్ని మూసేస్తుంది. ఆ దారికి గోడలుగా నిలిచిన ఎస్‌2, ఎస్‌3 ప్రోటీన్లను, వాటి పక్కనున్న ఆర్ఎన్ఏను పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. ఆ కొసలోని రెండు అమైనో ఆమ్లాలను మార్చేస్తే పట్టు పోతుంది.

వైరస్ ప్రవేశించగానే కణం ఇంటర్‌ఫెరాన్ వంటి హెచ్చరిక ప్రోటీన్లను తయారుచేసుకోవాలి. దారి మూసుకుపోతే ఆ తయారీ కుంటుపడుతుంది. వైరస్ ఎంఆర్ఎన్ఏకు మాత్రం ముందు భాగంలోని ఒక చిన్న ఆర్ఎన్ఏ మడత రక్షణ ఇస్తుంది. పైగా తన ఆర్ఎన్ఏను నకలు తీసే ఎంజైము తయారుకావడానికి, ఈ వైరస్ రైబోసోమ్‌ను సరిగ్గా ఒక చోట ఒక అక్షరం వెనక్కి జరిపిస్తుంది. ఈ జరుగుడు 1985లో కోళ్లకు కాన్సర్ తెచ్చే రౌస్ సార్కోమా వైరస్‌లో, 1987లో కోళ్లకు శ్వాసరోగం తెచ్చే కరోనా వైరస్‌లో తెలిసింది.

జూలైకే ఆ చిత్రం ఎలా వచ్చింది? ఎస్‌2 ఏది, ఎస్‌3 ఏది, వాటి అమైనో ఆమ్లాల వరస ఏది, రైబోసోమ్‌లో అవి ఏ వైపు తిరిగి ఉంటాయి అన్నది అప్పటికే పుస్తకాల్లో ఉంది. 2003 నాటి సార్స్ వైరస్ ఎన్ఎస్‌పీ-1 రైబోసోమ్‌ను అంటుకుంటుందని 2009లోనే వెల్లడైంది. మహమ్మారి రాకముందు ఏ అవసరమూ కనబడని రోజుల్లో చేసిపెట్టిన పని అది. అలాంటి పనికి డబ్బు అడిగినప్పుడు దీనివల్ల ఉపయోగమేమిటి అని అడిగేవారికి నేను ఇచ్చే జవాబు ఈ ఉదాహరణే.

కణం ఊరుకోదు

వైరస్ ఆర్ఎన్ఏ తరచూ రెండు పోగులుగా పెనవేసుకుంటుంది. దాన్ని పసిగట్టిన పీకేఆర్ అనే ఎంజైము, ప్రోటీన్ తయారీని ఆరంభించే ఇఐఎఫ్-2కు ఫాస్ఫేట్ తగిలించి, ప్రోటీన్ తయారీ మొత్తాన్ని ఆపేస్తుంది. తాను నష్టపోయినా వైరస్‌ను పెరగనివ్వకూడదన్న పద్ధతి అది. ఎడినో వైరస్ చిన్న ఆర్ఎన్ఏను తయారుచేసి పీకేఆర్‌ను అడ్డుకుంటుంది. హెర్పిస్ వైరస్ ఐసీపీ-34.5 అనే ప్రోటీన్‌తో ఆ ఫాస్ఫేట్‌ను తీయించేస్తుంది. ఈ సంగతి తెలిశాక వైద్యులు ఆ జన్యువును తీసేసిన హెర్పిస్ వైరస్‌ను తయారుచేశారు. అది ఆరోగ్యవంతమైన కణాల్లో పెరగలేదు, రక్షణ సడలిన కాన్సర్ కణాల్లో పెరుగుతుంది. చర్మకాన్సర్ మెలనోమాకు ఆ చికిత్సను 2015లో అమెరికా అనుమతించింది.

రైబోసోమ్ ప్రోటీన్ ఒకటి రైబోసోమ్‌ను వదిలి కాపలాకు వెళ్లే సందర్భమూ ఉంది. ఇంటర్‌ఫెరాన్ గామా తగిలిన తెల్ల రక్తకణాల్లో ఎల్‌13ఎకు ఫాస్ఫేట్ చేరుతుంది. అది పెద్ద భాగాన్ని వదిలి బయటికి వచ్చి, వాపు పెంచే కొన్ని ప్రోటీన్ల తయారీని ఆపుతుంది. క్లీవ్‌లాండ్‌లో పాల్ ఫాక్స్, బర్సంజిత్ మజుందార్ 2003లో దీన్ని చూపించారు. అది లేని రైబోసోమ్ పని ఆపలేదు. ఆసరాగా మాత్రమే నిలబడే రాయి అయితే ఇలా లేచి వెళ్లేది కాదు.

మన చేలలో, మన టీకాల్లో

ఇది ప్రయోగశాలల విషయం మాత్రమే అనుకోకండి. మిరపలో పొటాటో వైరస్-వై జాతి వైరస్‌ను తట్టుకునే ఒక సహజ జన్యువు ఉందని పెంపకందారులకు ఎప్పటినుంచో తెలుసు. అది టోపీని పట్టుకునే ఇఐఎఫ్-4ఇ జన్యువేనని 2002లో తేలింది. ఆ వైరస్ ఆర్ఎన్ఏ కొసకు అతుక్కున్న ప్రోటీన్ మొక్క 4ఇని పట్టుకోవాలి. 4ఇలో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారితే ఆ పట్టు దొరకదు.

తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్‌లు మన మిరపలో, టమాటాలో ఆకుముడత తెస్తాయి. మినుములో, పెసరలో పల్లాకు తెగులు తెస్తాయి. వైరస్ సోకినప్పుడు మొక్క నిక్-1 అనే గ్రాహకంతో ఎల్‌10 అనే రైబోసోమ్ ప్రోటీన్‌ను కేంద్రకానికి పంపి, ప్రోటీన్ తయారీకి కావలసిన జన్యువుల పనిని తగ్గిస్తుంది. జెమినీ వైరస్ ప్రోటీన్ ఒకటి ఆ గ్రాహకాన్నే ఆపుతుంది. బ్రెజిల్‌లో ఎలిజబెత్ ఫోంటెస్ బృందం 2015లో ఈ దారిని స్పష్టం చేసింది. గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రం పల్లాకు తెగులును తట్టుకునే మినుము రకాలు ఇచ్చింది. ఆ తట్టుకునే శక్తి మొక్కలో ఏ మెట్టు మీద పనిచేస్తుందో, రైబోసోమ్ దగ్గరికి చేరుతుందో లేదో వెతకడానికి మన విద్యార్థులకు చేనూ ఇక్కడే ఉంది, వైరసూ ఇక్కడే ఉంది.

పోలియో చుక్కల్లోనూ ఇదే శాస్త్రం ఉంది. ఆల్బర్ట్ సేబిన్ 1950ల్లో మూడు రకాల వైరస్‌లనూ పెంచి పెంచి బలహీనపరిచారు. తరవాత వాటి జన్యు అక్షరాలు చదివితే, మూడింటి ఐరిస్‌లోనూ ఒకే ప్రాంతంలో ఒక్కొక్క అక్షరం మారి ఉంది. 480, 481, 472 స్థానాల్లో. ఆ మార్పుతో నరాల కణాల్లో వైరస్ ప్రోటీన్ తయారీ కుంటుపడుతుంది. ఆ అక్షరం తిరిగి మారితే టీకా వైరస్ బలం పుంజుకునే ప్రమాదం ఉంది. అందుకే ఐరిస్‌లోని ఆ ప్రాంతం సులువుగా వెనక్కి మారకుండా తిరగరాసిన రెండో రకం కొత్త టీకాకు 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వాడుకకు అనుమతి ఇచ్చింది. హైదరాబాదులోని బయలాజికల్ ఇ సంస్థ కూడా ఆ టీకాను తయారుచేస్తోంది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా గుర్తింపు పొందిన మనకు, ఐరిస్‌లో మారిన ఆ ఒక్క అక్షరం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

జాగ్రత్తగా అడుగు వేయవలసిన చోటు

ఎస్‌25ను అడ్డుకుంటే హెపటైటిస్ పోతుందని, రాక్-1ను అడ్డుకుంటే ఇంకొకటి పోతుందని తొందరపడకూడదు. రైబోసోమ్ ప్రోటీన్లలో చిన్న లోటు కూడా మనిషిని ఎంత బాధపెడుతుందో డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనత చూపిస్తోంది. పుట్టిన ఏడాదిలోపే పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పడిపోయే ఈ జబ్బుకు ఎస్‌19 జన్యువులోని లోపం కారణమని 1999లో మొదట తెలిసింది. తరవాత ఇంకా ఎన్నో రైబోసోమ్ ప్రోటీన్ల పేర్లు ఆ వరసలో చేరాయి. ప్రతి కణానికీ కావలసిన రైబోసోమ్ దెబ్బతింటే ముందు ఎముక మజ్జే ఎందుకు కుంగుతుంది? కొన్ని రైబోసోమ్‌లకు ప్రత్యేక పనులు ఉన్నాయని ఒక వాదం. రైబోసోమ్‌ల సంఖ్య తగ్గినప్పుడు కొన్ని ఎంఆర్ఎన్ఏలు ముందు వెనకబడతాయని మరో వాదం. ఎస్‌25 ప్రయోగాలను కూడా ఈ రెండు కళ్లతోనూ చూడాలి. ఒక ప్రోటీన్ తగ్గించినప్పుడు వైరస్ ఆగిందంటే, రైబోసోమ్‌ల మొత్తం సంఖ్య మారలేదని కూడా చూపించాలి. ఆ లెక్క లేని ఫలితాన్ని మందు దాకా తీసుకుపోకూడదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఈ రంగానికి వస్తారు. మీరు చేసే మొదటి పని ఏదో ఒక ప్రోటీన్‌ను శుభ్రం చేయడం, దాని పరిమాణం కొలవడం, అది ఎవరిని పట్టుకుంటుందో రాసిపెట్టడం అయి ఉంటుంది. దాని మీద ఎవరూ పెద్ద వార్త రాయరు. ఆ కొలత సరిగ్గా ఉండాలి, మరొకరు చేసినా అదే రావాలి, అందరికీ అందుబాటులో ఉండాలి. విశ్వవిద్యాలయాల పెద్దలకు నా విన్నపం కూడా దీన్నిబట్టే. మూడేళ్లలో ఫలితం చూపించమని అడిగే పథకాలతో పాటు, పదిహేనేళ్లు ఒకే ప్రశ్న మీద నిలబడే ప్రయోగశాలలను కూడా పోషించండి. మన పంటల వైరస్‌లు ఆయా మొక్కల రైబోసోమ్‌ను ఎక్కడ పట్టుకుంటున్నాయో చెప్పే పూర్తి పటం మిరపకు, మినుముకు, బొప్పాయికి తయారుచేయడం అలాంటి ఒక ప్రశ్న. దానికి కావలసిన పరికరాలు హైదరాబాదులో ఉన్నాయి, తెగులు సోకిన మొక్కలు మన జిల్లాలన్నింటా ఉన్నాయి, పనిచేయగల పిల్లలు ఈ గదిలోనే కూర్చున్నారు. ఆ పని ఇక్కడినుంచే మొదలుపెడదామని అందరినీ కోరుతున్నాను.